ఎగ్జిమా: లోకంలో ఎంతమంది పిల్లలకు?

హాస్టల్లో ఎవరైనా మోచేతి మడతల్లో గోక్కుంటూ కనబడితే చాలు, "వాడికి గజ్జిరా" అనేస్తాం. భోజనాల దగ్గర పక్కన కూర్చోం, రాత్రి చాప దూరంగా లాక్కుంటాం. దూరం పెట్టడమంటే ఎలా ఉంటుందో మనకు ఇంకొకరు చెప్పాలా?

మన ఊళ్లల్లో దురద జబ్బులన్నిటికీ ఉన్న పేర్లు రెండే, గజ్జి, తామర. గజ్జి కంటికి ఆనని చిన్న పురుగు చర్మంలో తొలుచుకుని గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. తామర బూజు వల్ల వస్తుంది. ఈ రెండూ అంటుకుంటాయి. మూడోది ఎగ్జిమా. డాక్టర్లు అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. ఇది అంటుకోదు. పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు.

ఇది ఎంతమందికి ఉందో తేల్చడానికి 1991లో ఐజాక్ అనే పెద్ద అంతర్జాతీయ సర్వే మొదలైంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ దానికి కేంద్రం. అన్ని దేశాల్లోనూ ఒకటే ప్రశ్నలు అడిగారు. ఆరు నెలలకు తగ్గకుండా వస్తూ పోతూ ఉన్న దురద దద్దుర్లు ఎప్పుడైనా వచ్చాయా, గత 12 నెలల్లో ఉన్నాయా, మోచేతి మడతలు, మోకాళ్ల వెనుక, మెడ చుట్టూ వంటి చోట్ల వచ్చాయా అని. 6-7 ఏళ్ల పిల్లల గురించి తల్లిదండ్రులు రాశారు. 13-14 ఏళ్లవాళ్లు, అంటే మన ఎనిమిది, తొమ్మిది తరగతుల వయసువాళ్లు, తామే రాశారు.

2009లో వెలువడిన మూడో దశ ఫలితాల్లో 96 దేశాల నుంచి 6,63,256 మంది 13-14 ఏళ్ల పిల్లలున్నారు. వారిలో ఎగ్జిమా లక్షణాలున్నవారు టిబెట్‌లో 0.2 శాతమైతే, కొలంబియాలోని బారన్‌కీయాలో 24.6 శాతం. అంటే అక్కడ నలుగురిలో ఒకరు! చిన్న పిల్లల్లో అందరికంటే తక్కువ మన జోధ్‌పూర్‌లో, 0.9 శాతం. ఎక్కువ ఈక్వెడార్ రాజధాని కీటోలో, 22.5 శాతం. ఇది డబ్బున్న దేశాల జబ్బని అనుకునేవాళ్లు. 1999లో వచ్చిన మొదటి దశ ఫలితాల్లోనే నైజీరియా 17 శాతం దాటి ఆ మాటకు గండి కొట్టింది. తర్వాత బ్రిటన్, న్యూజిలాండ్‌లలో పెరుగుదల ఆగితే, కెన్యా, మెక్సికో వంటి చోట్ల పెరిగింది.

జోధ్‌పూర్ అంకె చూసి మనకు ఈ జబ్బు లేదనుకోకండి. అది ఒక్క ఊరి లెక్క. పైగా నలుపు, చామనఛాయ చర్మం మీద ఎగ్జిమా పుస్తకాల్లో బొమ్మలోలా ఎర్రగా ఉండదు. నల్లగానో, బూడిద రంగులోనో, గరుకుగా కనిపిస్తుంది. చూసినవాళ్లు మురికి అనుకుంటారు. ఒళ్లు తోముకోడా వీడు అంటారు. అసలు సంగతేమిటంటే, సబ్బు పెట్టి తోమినకొద్దీ అది ముదురుతుంది.

ఎందుకంటే లోపం చర్మం గోడలోనే ఉంది. చర్మంలోని తేమను కాపాడే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులో తేడా ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని 2006లో కనుగొన్నారు. తేమ పోయి చర్మం ఎండుతుంది, దురద పుడుతుంది, గోకితే పుండవుతుంది. అందరికీ జన్యువే కారణం కాదు. వాతావరణం, అలర్జీలు కూడా తోడవుతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే వచ్చే అవకాశం ఎక్కువ.

పేరు సరిగా తెలియడం ఎందుకంటే మందు మారిపోతుంది గనుక. షాపులో అడిగి తెచ్చుకునే దురద ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. తామర మీద అది రాస్తే దురద తగ్గినట్టే ఉండి బూజు పాకిపోతుంది. అదే స్టెరాయిడ్ డాక్టరు చెప్పిన మోతాదులో ఎగ్జిమాకు మంచి మందు. గజ్జి అయితే గదిలో అందరికీ ఒకే రోజు మందు రాయాలి, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకాలి. ఎగ్జిమాకు అవేమీ అక్కర్లేదు. స్నానం కాగానే ఒళ్లు పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనో వాజెలినో పట్టించాలి. చలికాలం ఉన్ని స్వెట్టర్ కింద నూలు చొక్కా వేసుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్తే మూడు సంగతులు చెప్పండి: దురద చిన్నప్పటి నుంచీ ఉందా, గదిలో ఇంకెవరికైనా ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా. వేళ్ల సందుల్లో, నడుం దగ్గర, రాత్రిపూట మరీ ఎక్కువగా ఉంటే అది కూడా చెప్పండి. అది గజ్జి గుర్తు.