రెండు కాళ్లూ ఒకేసారి పడిపోతే

వేములపల్లి, మిర్యాలగూడ వైపు కాళ్ల జబ్బనగానే మాట ఫ్లోరైడు మీదికి పోతుంది. నల్లగొండ నీళ్లు తాగినవాళ్లకు అది సహజమే. షుగరున్న మనిషికి తిమ్మిర్లు వస్తే షుగరు ఖాతాలో రాసేస్తాం. వయసు మళ్లినవాళ్లయితే వాతమంటాం. ఈ మూడు పేర్ల చాటున తప్పించుకుపోయే జబ్బు ఇంకొకటుంది. దాని పేరు గిలియన్ బారే సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్.

2025 జనవరిలో పుణెలో తాగునీరు కలుషితమై 200 మందికి పైగా అనుమానిత కేసులు బయటపడ్డప్పుడు ఈ పేరు పేపర్లకెక్కింది. ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా మహిళ ఒకరు గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఈ జబ్బుతో చనిపోయారు. అద్దంకి రోడ్డెక్కితే గుంటూరు మనకు పరాయి ఊరేమీ కాదు కాబట్టి ఇక్కడా గుబులు పుట్టింది. అదే నెలలో బర్డ్ ఫ్లూ కూడా రావడంతో రెండూ కలగాపులగమై, అంతా కోడి మీదికి నెట్టేసినవాళ్లున్నారు. ఆ గోల సద్దుమణిగింది, జబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏటా లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందని అంచనా. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి నల్లగొండ జనాభా దాదాపు 35 లక్షలు. ఆ లెక్కన దాన్నుంచి ఏర్పడ్డ మన మూడు జిల్లాల్లో ఏడాదికి 35 నుంచి 70 మందికి రావాలి. అరుదే, కానీ మనూరికి రాదులే అనుకునేంత అరుదు కాదు.

ఇది అంటుకునే జబ్బు కాదు. రెండు మూడు వారాల ముందు విరేచనాలో, జలుబూ జ్వరమో వచ్చి తగ్గి ఉంటుంది, చాలామందికి అది గుర్తు కూడా ఉండదు. విరేచనాలకు కారణమయ్యే క్యాంపిలోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి ఒకటుంది. అది కలుషితమైన నీళ్లలో, సరిగ్గా ఉడకని కోడిమాంసంలో ఉంటుంది. దాని పైపొరలోని కొన్ని అణువులు మన నరాల మీది అణువుల్లాగే ఉంటాయి. సూక్ష్మజీవిని చంపడానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు ఆ పోలిక వల్ల నరాల మీద కూడా పడతాయి. దెబ్బ తినేవి మెదడు, వెన్నుపాము కావు, వాటి నుంచి కాళ్లూచేతులకూ ముఖానికీ ఊపిరి కండరాలకూ వెళ్లే నరాలు. బోరు మోటారు వైరును ఎలుక కొరికిందనుకోండి. పైతొడుగు మాత్రమే పోతే మళ్లీ చుట్టుకోవచ్చు, కొందరు రోగులు కొన్ని వారాల్లోనే లేచి నడిచేది అందుకే. లోపలి రాగి తీగే తెగితే మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

మొదట అరికాళ్లలో చీమలు పాకినట్టుంటుంది. నడుం నొప్పి కూడా ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో, కింద కూర్చున్న మనిషి చెయ్యి ఊనకుండా లేవలేడు. తర్వాత చేతులు. కంచంలో అన్నం కలపడం కష్టమవుతుంది, చొక్కా గుండీ పట్టదు. పక్షవాతం ఒక పక్కను లాగేస్తుంది, ఇది రెండు పక్కలనూ పడగొడుతుంది. ఫ్లోరైడు ఏళ్ల తరబడి మెల్లగా వంచుతుంది, ఇది రోజుల్లో కూలదోస్తుంది. డాక్టరు మోకాటి చిప్ప కింద రబ్బరు సుత్తితో కొడితే కాలు ఎగరాలి. ఫ్లోరైడు వల్ల వెన్నుపాము నలిగినవాళ్లకు ఆ ఎగురు మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. జీబీఎస్‌లో సాధారణంగా కాలు ఎగరనే ఎగరదు.

ఒళ్లు చచ్చుబడిందంటే అన్నీ ఇదే కావు. పొటాషియం పడిపోయినా కాళ్లు లేవవు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరిస్తే కాటు జాడ కూడా కనపడకుండా పొద్దునకల్లా కనురెప్పలు వాలిపోతాయి. పురుగుమందు ఒంట్లోకి పోయినా కండరాలు సడలుతాయి. వరి పొలాల మధ్య బతికే మనల్ని డాక్టరు ఈ ప్రశ్నలన్నీ అడిగితే విసుక్కోకూడదు.

1916లో ఫ్రాన్స్‌లో గిలియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బును వర్ణించారు. వెన్నునీటిలో ప్రొటీన్ పెరిగినా కణాలు పెరగకపోవడం వాళ్లు పట్టుకున్న గుర్తు. నేటికీ ఆ పరీక్ష చేస్తున్నారు. పాపం, స్ట్రోల్ పేరే జబ్బు పేరులోంచి జారిపోయింది. అయితే మొదటి వారంలో వెన్నునీరు మామూలుగానే కనిపించొచ్చు, కాబట్టి ఆ ఒక్క రిపోర్టు చూసి ఏమీ లేదనుకోవద్దు.

మన ఊళ్లలో అసలు నష్టం జరిగేది ఆ మొదటి వారంలోనే. నీరసమని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటారు, బీకాంప్లెక్స్ సూది వేయించుకుంటారు. కొన్నిచోట్ల స్టెరాయిడ్ కూడా ఇచ్చేస్తారు. జీబీఎస్‌కు స్టెరాయిడ్ వల్ల లాభం లేదని పరీక్షల్లో తేలింది. ఎనిమిది వారాలు దాటి ముదురుతూ పోయే దీని దాయాది సీఐడీపీ అనే జబ్బుకు మాత్రం అది పనిచేస్తుంది. కనుక ఏది ఏదో తేల్చాల్సింది నరాల డాక్టరే. పసర్లు తాగి వారం గడిపేవాళ్ల గురించి చెప్పేదేముంది!

పనిచేసే వైద్యాలు రెండే, అవీ రెండు వారాల్లోపు మొదలైతేనే ఎక్కువ ఫలితం. ఒకటి ప్లాస్మా మార్పిడి. రెండోది వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను ఐదు రోజులు ఎక్కించడం. 60 కిలోల మనిషికి 120 గ్రాములు కావాలి, అంటే 5 గ్రాముల సీసాలు 24. ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఆసుపత్రిలో డబ్బు కట్టేముందు ఆరోగ్యమిత్రను కలిసి ఈ వైద్యం గురించి అడగండి. ఈ రెండూ నరాన్ని అతికించవు, దాడిని తగ్గిస్తాయంతే. మిగతాది కాలం, ఫిజియోథెరపీ, ఇంట్లోవాళ్ల ఓపిక చేయాలి. నూటికి 80 మంది ఆరు నెలల్లో తమంతట తాము నడుస్తారు. సుమారు ఐదుగురు చనిపోతారు.

అసలు భయం ఊపిరి. నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటరు అవసరమవుతుంది. కరోనా నాటి ఆక్సీమీటరు వేలికి పెట్టి 98 ఉందిగదా అని ధీమాగా ఉండొద్దు. ఈ జబ్బులో ఆ అంకె చివరిదాకా బాగానే కనపడి ఒక్కసారిగా పడిపోతుంది. గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టమనండి. ఇరవై దాకా పోలేకపోతే ప్రమాదం. దిండు మీంచి తల ఎత్తలేకపోయినా, మింగుతుంటే పొరబోతున్నా అంతే. ఇలాంటి మనిషిని బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోకండి, 108కి ఫోన్ చేయండి. వెంటిలేటరూ నరాల డాక్టరూ ఉన్నచోటికే చేర్చమనండి.

పదిహేనేళ్లలోపు పిల్లలకు ఇలా కాళ్లు చచ్చుబడితే ఆశా కార్యకర్తకు కూడా వెంటనే చెప్పండి. దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011లో వచ్చింది. అయినా పోలియో కాదని తేల్చుకోవడానికి అలాంటి ప్రతి బిడ్డ మలం నమూనాలు రెండు ఇప్పటికీ ల్యాబుకు పంపుతారు.