సెప్టెంబరు 28: నాలుగు ఋణాలను తలపించే రోజు



మాదాపూరులో మా అబ్బాయి ఇంట స్థిరపడిన నాటినుండి ప్రతి ఉదయం దేవాలయ మండపంలో పంచాంగం చదివి వినిపించడం నాకు నియమమైనది. తిథి వార నక్షత్ర యోగ కరణాలు చెప్పి, ఆనాటి విశేషాన్ని నాలుగు మాటల్లో వివరించి ముగిస్తాను. కార్యాలయాలకు వెళ్ళే దారిలో స్వామి దర్శనానికి ఆగే యువకులు కొందరు చేతులు కట్టుకొని వింటారు. నిరుడు సెప్టెంబరు 28వ తేదీన వారిలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తన ఫోను తీసి నా ముందు పెట్టినాడు.

"గురువుగారూ, మీ పంచాంగంలో ఐదు అంగాలే కదా. ఇందులో చూడండి, చరిత్రలో ఈ రోజున జరిగినవి ఎన్ని ఉన్నాయో" అన్నాడు.

అవి నా కళ్ళద్దాలకు అందని చిన్న అక్షరాలు. అతడే చదివినాడు. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండు తీరాన దిగినాడు. 1895లో గుఱ్ఱం జాషువ జన్మించినారు. సరిగ్గా ఆ రోజే ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ కన్నుమూసినారు. 1908లో మూసీకి వరద వచ్చినది. 1928లో లండనులో పెన్సిలిన్ కనుగొన్నారు. 1929లో లతా మంగేష్కర్ జన్మించినారు. భగత్ సింగ్ పుట్టినది కూడా 1907లో ఈ రోజేనని కొందరు, దీనికి ముందురోజని కొందరు చెబుతారు.

చదవడం ముగించి అతడే అడిగినాడు: "వీటిలో ఒకదానికి మరొకదానితో సంబంధం ఏముంది గురువుగారూ? తెలుసుకొని మాత్రం ఏం చేయాలి?"

పరిహాసానికి అడిగిన ప్రశ్న కాదది. ఆ క్షణాన నాకు సమాధానం తోచలేదు. "ఆలోచించి చెబుతాను నాయనా" అని పంపినాను. అతనికి చెప్పవలసిన ఆ సమాధానాన్నే ఈ పత్రిక ద్వారా అందరికీ విన్నవిస్తున్నాను.

తిథి, తేదీ

మొదట తిథికీ తేదీకీ గల భేదం చెప్పుకొందాము. సూర్యునికీ చంద్రునికీ నడుమ దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్లు. అటువంటివి 30 కూడితే ఒక చాంద్రమాసం. అది సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే అగుటచేత, తేదీల సంవత్సరంతో పోల్చితే మన తిథులు ఏటికి సుమారు 11 రోజులు ముందుకు జరిగి వస్తాయి. ఆ తేడాను సవరించుటకే సుమారు 33 మాసాలకొకసారి అధికమాసం వస్తుంది. 19 సంవత్సరాలకొకసారి తిథీ తేదీ మళ్ళీ ఇంచుమించుగా ఒకచోట కలుసుకొంటాయి.

మూసీ వరద వచ్చిన 1908 సెప్టెంబరు 28ని ఈ లెక్కన గణించి చూచినాను. కీలక నామ సంవత్సరం, సోమవారం, ఆశ్వయుజ శుద్ధ తదియ. అనగా మహాలయ అమావాస్య వెళ్ళిన మూడవనాడు, శరన్నవరాత్రులు ఆరంభమైన తొలి దినాలు. ముసల్మాను సోదరులకు రంజాను మాసపు తొలి దినాలు కూడా అవే. ఆరు పందొమ్మిదులు, అనగా 114 సంవత్సరాలు గడిచిన పిమ్మట 2022 సెప్టెంబరు 28న అదే ఆశ్వయుజ శుద్ధ తదియ మళ్ళీ వచ్చినది.

ఇక ఈ సంఘటనల పరస్పర సంబంధమంటారా, తర్కశాస్త్రం దీనిని కాకతాళీయమంటుంది. కాకి వచ్చి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారి జరిగినవే గాని ఒకదానికి మరొకటి కారణం కాదు. ఆ యువకుని మొదటి ప్రశ్నకు ఇదే సమాధానం. తేదీకి ఏ మహిమా లేదు.

రెండవ ప్రశ్నకు సమాధానం ఇంత సులభం కాదు. పెద్దల ఆబ్దికాన్ని ఒక తిథినాడు పెడుతున్నాము. ఆ తిథి వారి ప్రాణం తీసినదని కాదు. ఏడాదికొకసారియైనా వారికి మనం ఋణపడి ఉన్నామన్నది గుర్తుకు రావలెనని. మనిషి దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి పుడతాడని వేదం చెప్పినది. మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు మునులతో మాట్లాడుతూ తోటి మనుష్యుల ఋణాన్ని కూడా చేర్చి నాలుగని చెప్పినాడు. ఈ నాలుగు ఋణాలూ సెప్టెంబరు 28న మన హైదరాబాదువారికి ప్రత్యక్షంగా కనబడతాయి.

పితృఋణం

1908లో ఆ ముందురోజంతా కురిసిన వానకు శంషాబాదులో 24 గంటల్లోనే 12 అంగుళాలకు మించి వర్షపాతం నమోదైనది. తెల్లవారేసరికి మూసీ నగరంలోకి ప్రవేశించినది. చనిపోయినవారి సంఖ్య పలువురు పలు విధాలుగా చెబుతారు; ఎక్కువగా వినిపించేది 15,000. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని ప్రసిద్ధి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును నేటికీ చూపుతారు. రుబాయీలకు పేరుపడిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్కరోజున తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడే మిగిలినాడు.

ఇల్లు ఇల్లంతా కొట్టుకొనిపోయినచోట తిలోదకాలు వదలుటకు ఎవరు మిగులుతారు? అందుకే మన తర్పణ విధిలో తల్లిదండ్రులు గాని, బంధువులు గాని, గోత్రంవారు గాని లేనివారికి కూడా నీరు విడువవలెనని పూర్వులు ఏర్పాటు చేసినారు. ఏటేటా మహాలయంలో ఆ మంత్రాన్ని నేను ఎందరిచేతనో చెప్పించినాను. చెప్పించినంతకాలం "నా అన్నవారు లేనివారు" ఎక్కడో ఉంటారనుకొన్నానే గాని, మనం తిరిగే ఈ నగరంలోనే ఉన్నారని తోచలేదు. వారి నగరంలో నేడు మనం ఉంటున్నాము. రక్తసంబంధం లేకపోయినా ఒక ఊరిలో ముందు నివసించినవారు వెనుక వచ్చినవారికి పితరులవంటివారే.

దేవఋణం

జలం వరుణుని అధీనమని నమ్మేవారం మనము. ఆ వరద పిమ్మట ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోరికపై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1909లో హైదరాబాదు వచ్చినారు. మోక్షగుండం మన తెలుగు సీమలోని గ్రామం. వారి పూర్వులు అక్కడివారు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నవనీ, వాటిలో 221 తెగినవనీ నాటి పరిశీలనలో తేలినది. ఒక చెరువు గట్టు తెగితే ఆ నీరంతా దిగువ చెరువుమీద పడుతుంది; దాని గట్టూ నిలువదు. ఆ విధంగా గొలుసులోని చెరువులు వరుసగా తెగి నది మీదికి వచ్చినవి. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచవలెనని వారు సూచించినారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్ సాగరు 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టినవే నగరానికి తాగునీరు కూడా ఇచ్చినవి. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు విడిచి పోలేడని నానుడి పుట్టినది అప్పుడే.

ఆ గండిపేట మన హైటెక్ సిటీకి ఎంతో దూరం లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండలూ పొదలూ ఉండేవి. నేడు మాదాపూరు నుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాటి గండిపేట దాకా మేడలు లేచినవి. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలను నియంత్రిస్తూ 1996లో వచ్చిన 111వ నంబరు ఉత్తర్వుపై జరిగే వాదోపవాదాలు నావంటి పంతులు తీర్చగలిగినవి కావు. కాని సప్త సంతానాలలో తటాకాన్ని ఒకటిగా చెప్పిన సంప్రదాయం నాది. చెరువు తవ్వించినవానికి పుత్రుని కన్నంత పుణ్యమైతే, చెరువును పూడ్చడం ఏ పాపంతో సమానమో వేరుగా చెప్పవలెనా? 2020 అక్టోబరులో వానలకు నగరంలోని కాలనీలెన్నో మునిగినప్పుడు నీరు కొత్తగా దారి వెదుక్కోలేదు. అనేకచోట్ల తాను వెనుకటినుండి ఎరిగిన దారినే వచ్చినది.

ఋషిఋణం

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. నేను చదివిన పాఠశాలలో మేఘసందేశాన్ని మల్లినాథుని వ్యాఖ్యతో సహా వల్లించినాము. యక్షుడు రామగిరి నుండి అలకాపురికి మేఘాన్ని పంపిన దారి అంతా నాకు కంఠస్థం. కాని ఆ కావ్యపు దారిలోనే తెలుగులో ఒక మహాకావ్యం పుట్టినదని మా గురువులు చెప్పలేదు, నేనూ అడుగలేదు. జాషువగారి గబ్బిలం మొదటిసారి నేను చదివినది ఉద్యోగ విరమణ చేసిన తరువాత.

వినుకొండలో 1895లో, గణించి చూస్తే దసరా పండుగ రోజులలో, జాషువగారు జన్మించినారు. అదే మన్మథ నామ సంవత్సరంలో, 18 రోజుల ముందు, విశ్వనాథ సత్యనారాయణగారు జన్మించినారు. జాషువగారికి మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం పాఠం చెప్పినవారు జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు. కులం పేరిట ఎన్ని తలుపులు మూసుకొన్నా ఆ శాస్త్రిగారు ఒక తలుపు తెరిచినారు. ఆ పాఠం నుండి 1941లో గబ్బిలం వచ్చినది. తంజావూరు సీమలోని ఒక పేద అంటరానివాడు తన గోడును కాశీ విశ్వేశ్వరునికి విన్నవించుకోదలచినాడు. తనకు గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉన్నది. అది గర్భగుడిలో వేలాడుతూ స్వామి చెవి దగ్గర మాట్లాడగలదు. మద్రాసు రాష్ట్రంలో దేవాలయ ప్రవేశ చట్టం వచ్చినది ఈ కావ్యం వెలువడిన ఆరేళ్ళకు, 1947లో.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారంతటి వృద్ధపండితుడు స్వయంగా జాషువగారి కాలికి గండపెండేరం తొడిగినారు. నావంటివారు చేయదగినది అంతకంటె చాల చిన్నది. ఋషిఋణం అధ్యయనంతో తీరుతుందని శాస్త్రం. కనుక చదవవలెను. సప్త సంతానాలలో తటాకంతోపాటు కృతి కూడా ఉన్నదని మరువరాదు.

మనుష్యఋణం

కుక్కకాటుకు గురియైన తొమ్మిదేళ్ళ బాలునికి 1885లో పాశ్చర్ టీకా వేసి బతికించినారు. వారు కన్నుమూసిన సెప్టెంబరు 28నే నేడు ప్రపంచమంతా రేబిస్ నివారణ దినంగా పాటిస్తున్నది. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవులు గడిపి వచ్చి, తన ప్రయోగశాలలో పళ్ళెంలో పట్టిన బూజు చుట్టూ సూక్ష్మజీవులు నశించి ఉండుట గమనించినది 1928లో. ఆయన ఆ పళ్ళేన్ని కడిగి పారవేయక, ఎందుకిట్లయినదని ఆగి చూచినారు. తరువాత ఫ్లోరీ, చెయిన్ అనేవారు దానిని మందుగా తీర్చినారు. ముగ్గురికీ 1945లో నోబెల్ బహుమానం వచ్చినది. మన ఇళ్ళలో ఈ మందుల వలన బతికినవారు లేని ఇల్లు ఉంటుందా? వారు మన దేశంవారు కారు, మన మతంవారు కారు. పాండురాజు చెప్పిన నాలుగవ ఋణం ఇట్టివారిదే.

ఈ నెల 28న

ఇదంతా చెప్పిన మీదట ఆ యువకుడు, "అయితే ఏం చేద్దాం గురువుగారూ?" అని మళ్ళీ అదే ప్రశ్న వేసినాడు. ఇద్దరం కలిసి ట్రస్టువారిని అడిగినాము, వారు అంగీకరించినారు. ఈ నెల 28న పంచాంగ శ్రవణం తరువాత మూసీలో పోయినవారిని తలచుకొని మౌనంగా ఒక దోసెడు నీరు విడుస్తాము. పిమ్మట గబ్బిలం నుండి కొన్ని పద్యాలు నేను చదివి అర్థం చెబుతాను. సాయంకాలం వీలైనవారు దుర్గం చెరువు దాకా నడిచి, గట్టు మీది చెత్త ఏరవలెనని యువకులు నిశ్చయించుకొన్నారు. ఇంట కుక్కను పెంచేవారు ఆ రోజున దానికి టీకా వేయించినా ఆ ఋణంలో కొంత తీరినట్లే.

దేవాలయంలో గబ్బిలం పఠనమా అని ఒకరిద్దరు పెద్దలు సందేహం వెలిబుచ్చినారు. వారి వయస్సుకు నమస్కరించి నేను చెప్పినది ఒక్కటే. ఆ కావ్యంలోని విన్నపం ఈశ్వరునికి వ్రాసినది. ఇన్నేళ్ళకైనా దానిని ఈశ్వరుని సన్నిధిలో చదవకపోతే, పంపినవాని మాట చేరవలసిన చోటికి చేరనట్లే కదా. వారిలో ఒకరు ఆ రోజు తాము కూడా వస్తామన్నారు. మీరూ రండి.

స్వస్తి.