సంచి సర్దేది ఒకరు, విప్పేది మరొకరు

కాన్పు సంచి అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, ‘ఏమేం పెట్టుకోవాలి?’ అని. నేను ముందు అడిగేది, ‘ఆ సంచి ఎవరు విప్పుతారు?’ అని. నొప్పులు పడుతున్న మనిషి సంచి విప్పలేదు. ఆమె లేబర్ రూములో బల్ల మీద ఉంటుంది. విప్పేది బయట వరండాలో నిలబడ్డ భర్తో, తల్లో, అత్తో. సర్కారు ఆస్పత్రి ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో సగం తలుపు తెరిచి ‘బిడ్డకు బట్ట ఇవ్వండి’ అని కేకేస్తే, అటు నుంచి ఎక్కువగా వినబడే జవాబు ఒకటే: ‘ఏడ వెట్టిందో ఆమెకే ఎరుక సిస్టరమ్మా!’

రిటైరయ్యాక తార్నాకలో ఉంటున్నాను. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడక. నేను నర్సునని తెలిసినప్పటి నుంచి రీసెర్చ్ స్కాలర్ అమ్మాయిలు ఆర్ట్స్ కాలేజీ ముందే ఆపి సందేహాలు అడుగుతుంటారు. వీళ్లలో చాలామందిది ఏ ఆదిలాబాదో, పాలమూరో. పెళ్లయ్యాక హాస్టల్ వదిలి లాలాపేటలోనో, మాణికేశ్వరినగర్‌లోనో ఒక గది అద్దెకు తీసుకుంటారు. పీహెచ్‌డీ చేసే స్త్రీలకు యూజీసీ నిబంధనల ప్రకారం మొత్తం కోర్సులో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. సెలవు ఉన్నా, తొలికాన్పు పుట్టింట్లో చేయడం మన ఆనవాయితీ అయినా, మొదటి నుంచీ చూస్తున్న డాక్టరమ్మ ఇక్కడే ఉందని కొందరు, భర్త పోటీ పరీక్షల చదువు ఇక్కడే అని కొందరు నగరంలోనే ఉండిపోతున్నారు. ఊళ్లో అమ్మ బస్సెక్కేలోపే ఇక్కడ నొప్పులు రావచ్చు. పక్కనుండేది భర్త ఒక్కడే కావచ్చు. అందుకే వీళ్లకు నేను చెప్పే సర్దుబాటు అతని కోసం.

37 వారాలు దాటితే నెలలు నిండినట్టే. అయినా కొందరికి నొప్పులు ముందే వస్తాయి కాబట్టి 34వ వారానికల్లా సంచి తలుపు దగ్గర ఉండాలి. కవలలున్నా, బీపీ ఉన్నా ఇంకాస్త ముందే. ఒకే పెద్ద సంచిలో అన్నీ కుక్కొద్దు. ఒక ఫైలు, మూడు చిన్న సంచులు చేయండి. ఒక్కోదాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెద్ద అక్షరాలతో పేరు రాయండి: కాగితాలు, తల్లి, బిడ్డ, తోడు.

కాగితాలు

తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, స్కానింగులు, రక్తపరీక్షలు తేదీల వారీగా పెట్టండి. అన్నిటికన్నా కొత్తది పైన. డ్యూటీలో ఉన్న డాక్టరు మిమ్మల్ని మొదటిసారి చూస్తుండవచ్చు. ఆమెకు మీ తొమ్మిది నెలల కథ చెప్పేది ఆ ఫైలే. మీది నెగెటివ్ గ్రూపు రక్తమైతే ఫైలు అట్ట మీదే ఎర్ర సిరాతో రాయండి. బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మీకు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. మందులు పడకపోతే ఆ సంగతీ అక్కడే రాయండి.

ఇద్దరి ఆధార్ కార్డులు, హెల్త్ కార్డో బీమా కార్డో, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు ఉండాలి. ఇంకో కాగితం కూడా పెట్టమంటాను. దాని మీద తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, అవే స్పెల్లింగులతో రాసి ఉంచండి. జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆస్పత్రిలో పుడితే ఆ వివరాలు పంపేది ఆస్పత్రే. ఆ ఫారం నింపేటప్పుడు మీరు నిద్రలో ఉంటారు, మీ మరిది చేతిలో పెన్ను ఉంటుంది. అక్కడ పడ్డ ఒక్క అక్షరం తప్పు రేపు బిడ్డను బడిలో చేర్పించేదాకా వెంటాడుతుంది.

తల్లి

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5 శాతం. ఈ అంకెలు మంచివని కాదు గానీ, సంచి సర్దేటప్పుడు మాత్రం గుర్తుంచుకోవాలి. మామూలు కాన్పే అవ్వాలని కోరుకోండి, ఆపరేషనైతే ఉండాల్సిన రోజులకు సర్దండి. ముందు గుండీలున్న వదులు కాటన్ నైటీలు నాలుగు, బొడ్డు పైకి వచ్చే పెద్ద లోదుస్తులు. కుట్లమీద లాస్టిక్ ఒరుసుకుంటే ఆ మంట చెప్పనలవి కాదు. ప్రసూతి ప్యాడ్లు రెండు ప్యాకెట్లు. కాన్పయ్యాక మైల నెలసరికన్నా ఎక్కువ పోతుంది కాబట్టి మామూలు ప్యాడ్లు చాలవు. జారని చెప్పులు, జుట్టుకు రబ్బరు బ్యాండ్లు, తువ్వాలు, రెండు పాత నూలు చీరలు.

సీమంతానికి మోచేతుల దాకా వేసిన గాజులు ఇంట్లోనే తీసేసి రండి. బీపీ పట్టీ చుట్టడానికీ, సెలైన్ సూది గుచ్చడానికీ చేయి ఖాళీగా ఉండాలి. గోళ్ల రంగు కూడా చెరపండి. రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికే పెడతారు. బంగారం సంగతి చెప్పనే అక్కర్లేదు.

బిడ్డ

బిడ్డ పుట్టగానే ఒంటినిండా ఉమ్మనీరు. తడిమీద చిన్న ఒళ్లు చూస్తుండగానే చల్లబడుతుంది. అందుకే ఒక బట్టతో గబగబా తుడిచి, ఆ తడి బట్ట పక్కన పడేసి, తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, పైన రెండో పొడి బట్ట కప్పుతాం. తలుపు దగ్గర నేను అడిగే బట్టలు ఇవే. ఈ రెండూ, ఒక టోపీ వేరే కవర్లో కట్టి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టండి. కింద మరో ఆరు పొత్తిళ్లు, జుబ్బాలు, సాక్సులు, నాప్కిన్లు.

పసిబిడ్డకు కొత్తబట్ట తొడగవద్దని మన పెద్దవాళ్లంటారు. ఆ మాట నాకు ఇష్టం. ఉతికి ఉతికి మెత్తబడిన నాయనమ్మ నూలుచీరను మించిన పొత్తిలి ఏ షాపులోనూ దొరకదు. ఉతికి, ఎండలో ఆరేసి, శుభ్రమైన కవర్లో పెడితే చాలు.

ప్రభుత్వమే ఇలాంటి సరంజామా ఇచ్చిన సందర్భాలున్నాయి. ఫిన్లాండ్ 1938లో పేద తల్లులకు బిడ్డ బట్టల పెట్టె ఇవ్వడం మొదలుపెట్టి, 1949 నుంచి అందరికీ ఇచ్చింది. లోపల చిన్న పరుపుండే ఆ అట్టపెట్టెలోనే ఎంతోమంది పిల్లలు పడుకున్నారు. మన దగ్గర 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చింది. అందులో 16 వస్తువులు, దోమతెరతో సహా. దాంతోపాటు విడతలుగా, మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు ఇచ్చేవారు. మన దగ్గర ఇలాంటి కిట్ చేతికొచ్చేది బిడ్డ పుట్టాకే. ఆ మొదటి రెండు బట్టలు మాత్రం మీ సంచిలోంచే రావాలి.

పెట్టకూడనివీ చెప్తాను. తేనె, చక్కెర నీళ్లు, పాలసీసా, డబ్బాపాలు. డాక్టరు రాస్తే తప్ప వీటితో పని లేదు. మొదటి గంటలోపు ముర్రుపాలు పట్టాలి, తేనె ఏడాది నిండేదాకా వద్దు. పౌడరు ఊపిరితో లోపలికి పోతుంది, కాటుక కంటికి మంచిది కాదు. స్నానానికీ తొందరపడొద్దు, ఒక రోజైనా ఆగాలి. ఇంటికి వచ్చేలోపు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా పడ్డాయో లేదో కార్డులో చూసుకోండి.

తోడు

అందరూ మరిచేది ఈ సంచినే. చాప, దుప్పటి, ఫ్లాస్కు, పళ్లెం, గ్లాసు, బకెట్, మగ్గు, సబ్బు, పొడుగు వైరున్న చార్జర్, చిల్లర నోట్లు. ఫోను ఆగిపోతే ఎలా అని నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టండి. ప్రసవ సమయంలో ఒక ఆడమనిషిని తోడుగా లోపలికి అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే సర్కారు ఆస్పత్రులకు చెప్పింది. అది ఎవరో ముందే అనుకోండి. తోడుకు వచ్చిన మనిషి ఆకలితో, నిద్రలేక తూలుతుంటే బాలింతను చూసుకునేదెవరు?

తిండి మాట వస్తే పెద్దవాళ్లతో కొంచెం గొడవ తప్పదు. పత్యం పేరుతో కారప్పొడి మెతుకులే పెడతారు. మా తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క వేరే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ 600 కేలరీలు అదనంగా కావాలి. డాక్టరు తినొచ్చన్నాక పప్పు, గుడ్డు, ఆకుకూర అన్నీ పెట్టొచ్చు.

దారి

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా సంచి వెతుక్కుంటూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి బయల్దేరండి, సంచి వెనక వస్తుంది. తార్నాక నుంచి గాంధీ ఆస్పత్రికి మెట్టుగూడ మీంచి పోవాలా, సీతాఫల్‌మండి, వారాసిగూడ మీంచి పోవాలా అన్నది ఆ రాత్రి తేల్చుకునే విషయం కాదు. ఒకసారి ముందే పోయి, లేబర్ రూము ఏ గేటుకు దగ్గరో చూసి రండి. తరువాత వచ్చే చుట్టాలకు మెట్రో ఉంది. పరేడ్ గ్రౌండ్‌లో మారితే గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లోనే దిగుతారు. మెట్రో రాత్రంతా నడవదు కాబట్టి కాన్పుకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

సర్దడం అయిపోయిందని చెప్పే ప్రతి అమ్మాయికీ నేనొక పని పెడతాను. సంచులన్నీ మొత్తం కుమ్మరించి, మీ ఆయన చేతనే మళ్లీ సర్దించు బిడ్డా. నువ్వు కుర్చీలో కూర్చొని టోపీ ఏది, ప్యాడ్లేవి, బ్లడ్ గ్రూపు కాగితమేది అని అడుగు. వెతకకుండా తీసిచ్చాడా, ఆ సంచి తయారైనట్టే. తడబడ్డాడా, ఇంకోసారి సర్దించు.