కొండచెమ్మలో పటము కట్టుట

ఆషాఢము మొదలుకొని అరకులోయలో మబ్బు గుమ్మముదాక దిగివచ్చును; గోడలు చెమర్చును; పెట్టెలోని బట్టలకు బూజువాసన పట్టును. ఇట్టి తావున ఛాయాచిత్రము పదికాలములు నిలుచుటయు నిలువకుండుటయు అధికముగా పటము కట్టిన తీరుపై ఆధారపడియుండును.

ల్యాబులో కడిగిన ఫోటోలందు బింబమును ధరించునది జెలటిన్ అను పలుచని పొర. అది చెమ్మను పీల్చి ఉబ్బును, ఆరి ముడుచుకొనును. అద్దమునకు నేరుగా ఆనించి బిగించినప్పుడు ఆ పొర క్రమముగా అద్దమునకు అంటుకొనును. ధింసా నృత్యపు వరుసలో చేతులు పెనవేసికొన్న పడుచుల మోములను అద్దమునుండి ఊడదీయబోయినచో, కాగితము చేతికి వచ్చి మోములు అద్దముపైననే నిలిచిపోవును. వెనుక పూసిన మైదాజిగురు పురుగులకు మంచి ఆహారము. గాలిలో తేమ నూటికి 65 పాళ్లు మించి దినములకొలది నిలిచినచో బూజునకును అదే పొలము.

నిండుగా జిగురుపూసి అంటించుట పూర్వాచారమే. పందొమ్మిదవ శతాబ్దమున కోడిగ్రుడ్డు తెల్లసొనతో సిద్ధపరచిన కాగితము మిక్కిలి పలుచనై చుట్టుకొనిపోవు స్వభావము కలదగుటచే, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ కాలపు చిత్రములు దళసరి అట్టలపై అంటింపబడినవి. పిమ్మట లక్కపూత పూసిన కాగితమును నడుమనుంచి వేడియంత్రముతో అదుము పద్ధతి వచ్చినది. అది చూపునకు చదునుగా నుండును గాని, అట్ట చెడినచో చిత్రమును విడదీయుట దుస్సాధ్యము.

నాకు మేలుగా తోచునది మ్యూజియములవారి పద్ధతి. ఆమ్లములేని నూలు అట్టపై చిత్రమునుంచి, పైయంచున మాత్రము రెండు జపాను కాగితపు తునకలను గోధుమగంజితో అంటింతురు. నీటితడి తగిలినచో ఆ గంజి వదలును. చిత్రము క్రిందివైపు స్వేచ్ఛగా వ్రేలాడుచు ఉబ్బుటకును ముడుచుకొనుటకును ఎడము పొందును. నడుమ కిటికీవలె కోసిన మరియొక అట్టను మీద మూసినచో అద్దము చిత్రమును తాకదు. పటము వెనుక క్రిందిమూలల రెండు బెండుముక్కలు అతికించిన చాలును, గోడకును పటమునకును నడుమ గాలి ఆడును.

1945లో కొండరెడ్లపై గ్రంథము వెలువరించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ తీసిన చిత్రములు నేడు లండనులో భద్రముగా నున్నవి. అరకు కొండలలోని బడిగోడలపైనను ఇండ్లలోనను ఉన్న చిత్రములకు అంతటి శ్రద్ధ దక్కవలదా? వెనుకనున్న అట్టమీద, చిత్రముమీద కాదు, మెత్తని పెన్సిలుతో మనిషి పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి, అటుపిమ్మటనే పటమును మూయించవలెను.