పులిజూదంలో బలాల సమతౌల్యం: రోల్‌ప్లేయింగ్ ఆటల పోరాట రూపకల్పనకు అన్వయం

1. ఉపోద్ఘాతం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో రచ్చబండల మీద, ఇంటి అరుగుల మీద సుద్దతోనో బొగ్గుతోనో పటం గీసుకొని ఆడే ఆట పులిజూదం. దీనికే పులి-మేక అని మరో పేరు. ఇందులో ఇరుపక్షాల బలాలు సమానం కావు. అయినా ఆట ఏకపక్షం కాదు. రోల్‌ప్లేయింగ్ ఆటల్లో వీరుల బృందానికి ఎదురుగా ఎంతటి రాక్షసులను, ఎందరిని నిలపాలన్న సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ ఆట చక్కని ఆధారం.

2. పులిజూదం నిర్మాణం

బహుళ ప్రచారంలో ఉన్న పటంలో 23 బిందువులు, 3 పులులు, 15 మేకలు ఉంటాయి. మేకలను వంతుకొకటి చొప్పున పటంపై పెడతారు. అన్నీ పెట్టేవరకు వాటికి కదలిక లేదు. పక్కనున్న మేక మీదుగా అదే గీతపై ఉన్న ఖాళీ బిందువుకు దూకి పులి దానిని చంపుతుంది. ఆ బిందువు నిండి ఉంటే మేక క్షేమం. మేకలు చంపలేవు, పులులన్నిటినీ కదలనీయకుండా కట్టడి చేస్తే అవి గెలిచినట్లు. ఎన్ని మేకలు చస్తే పులుల గెలుపన్నది ఊరినిబట్టి మారుతుంది. సమతౌల్యాన్ని సవరించే సాధనం ఈ నియమమే.

3. సంఖ్యకు విలువ

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో ఆటగాళ్ళు తలా ఒక పాత్ర ధరిస్తే, నిర్వాహకుడు శత్రువులను నడుపుతాడు. 2000 నాటి మూడవ కూర్పు ప్రతి రాక్షసుడికీ 'ఛాలెంజ్ రేటింగ్' అనే అంకెను కేటాయించింది. 2014 నాటి నిర్వాహక గ్రంథం పోరాట తీవ్రతను అంచనా వేసేటప్పుడు శత్రువులు 3 నుండి 6 వరకు ఉంటే వారి మొత్తం అనుభవాంకాలను 2తో, 15 లేదా అంతకు మించితే 4తో హెచ్చించమంది. ఈ ఆటలో ప్రతి శత్రువుకూ సొంత వంతు ఉండడమే కారణం: సంఖ్య పెరిగితే దెబ్బలూ పెరుగుతాయి. 2024 కూర్పు ఈ హెచ్చవేతను తొలగించింది.

పులిజూదంలో మేకలెన్ని ఉన్నా వంతుకు కదిలేది ఒక్కటే. అక్కడ సంఖ్య వల్ల వంతులు పెరగవు, ఖాళీలు తగ్గుతాయి. అందుకే మొదట బలహీనంగా కనిపించే మంద పటం నిండేకొద్దీ గోడగా మారుతుంది.

4. అన్వయం

ఆదిలాబాద్ కొండదారి నేపథ్యంగా కథ అల్లే నిర్వాహకుడు పదిమంది దొంగలను బయలులో నిలిపితే ఒక్కో చుట్టులో పది దెబ్బలకు అవకాశం ఉంటుంది. ఇద్దరు మాత్రమే పట్టే ఇరుకు కనుమలో కత్తులతో నిలిపితే వెనుకవారు కేవలం అడ్డుగోడ. దొంగలు మారలేదు, వారి అంకెలు మారలేదు, పోరాటం మారింది.

5. ముగింపు

4 పులులు, 20 మేకలతో ఆడే నేపాలీ సోదర క్రీడ 'బాఘ్‌చాల్'ను లిమ్ యూ జిన్, యూర్గ్ నీవెర్గెల్ట్ కంప్యూటరుతో విశ్లేషించి, ఇరుపక్షాలూ దోషరహితంగా ఆడితే ఫలితం సమమేనని నిరూపించారు. సమతౌల్యానికి సమాన బలం అవసరం లేదని దీనివల్ల స్పష్టమవుతుంది. కనుక రూపకర్త శత్రువుల అంకెలను కూడడానికి ముందు, తన ఆట నియమాల్లో సంఖ్య వంతులను పెంచుతుందా, స్థలాన్ని ఆక్రమిస్తుందా అన్నది తేల్చుకోవాలి.