కోత బిందెకేనా? బోరుకు లేదా?

వింజమూరు: ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేస్తే మెట్టకు ఆ యేడు గడ్డుకాలమే. నెల్లూరు జిల్లాలో వాన ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆ మూడు నెలల్లో చెరువుకు నీరు చేరకపోతే బావి వూరదు, బోరు అడుగంటుతుంది. నైరుతి జల్లులను నమ్ముకునే వీలు తక్కువ. మళ్ళీ అక్టోబరు దాకా వున్న నీళ్ళతోనే నెట్టుకురావాలి. వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు పల్లెలకు ఇది కొత్త సంగతి కాదు.

నీరు తగ్గగానే మొదటి కట్టడి ఇంటిమీద పడుతుంది. కుళాయి రోజు విడిచి రోజు వదులుతారు. ట్యాంకరు వస్తే ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. పెరటి మొక్కలకు పోయరాదు, బండ్లు కడగరాదు, కుళాయికి మోటారు బిగించరాదు. ఇవన్నీ సబబైన కట్టడులే. ఒకరు మోటారు పెట్టి లాగితే వీధి చివరి ఇంటికి గాలి తప్ప నీరు రాదు.

అయితే ఇంట్లో ఇంకా కోసేందుకు ఏమున్నది? బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టికి, స్నానం నీళ్ళు చెట్టు పాదుకు ఏనాటినుంచో వెళుతున్నాయి. పంచాయతీ చెప్పకముందే ఆడవాళ్ళు చెంబు లెక్కన వాడుతున్నారు.

లెక్క చూస్తే...

గ్రామీణ నీటి పథకాలలో మనిషికి రోజుకు 40 లీటర్లు అన్నది చాలాకాలం పాటించిన లెక్క. 2019లో వచ్చిన జల జీవన్ మిషన్ లక్ష్యం 55 లీటర్లు. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నగరం 2018 ఫిబ్రవరిలో కరువు కారణంగా మనిషికి 50 లీటర్లకు మించి వాడరాదని ఆంక్ష పెడితే ప్రపంచమంతా విడ్డూరంగా చెప్పుకున్నది. మన పల్లెకు మామూలు రోజుల్లో రాసిన పాత వాటా అంతకంటే తక్కువ!

ఒక ఎకరా పొలంలో అంగుళం మందాన నీరు పెట్టాలంటే లక్ష లీటర్ల పైచిలుకు కావాలి. మనిషికి 40 లీటర్ల చొప్పున 2,500 మంది వున్న వూరికి అది ఒకరోజు నీరు. బిందె దగ్గర ఎంత బిగించినా, పక్కనే బోరు రాత్రింబవళ్ళు తోడుతుంటే ఫలితం లేదు.

రైతుదీ తప్పనలేము. నిమ్మ, బత్తాయి చెట్టు ఒక్క వేసవి ఎండితే ఏళ్ళ కష్టం పోతుంది. అందుకే కరువుకాలంలో వరి మాని, తోటకు బిందు సేద్యంతో సరిపెట్టుకుని, పాదుల్లో ఆకు, చెత్త పరచి తేమ కాపాడుకోవడం మేలు.

చట్టం వున్నది

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా వేరే బోరు వేయరాదు. భూగర్భ జలానికి ముప్పు అనిపించిన చోట తోడకాన్ని కొంతకాలం ఆపించే అధికారమూ ఆ చట్టంలో వున్నది. 'వాల్టా' అని అందరూ పిలిచే ఈ చట్టం కాగితంమీద నుంచి పొలంగట్టు మీదికి రావాలి.

లోతుకు పోయేకొద్దీ మరో చిక్కు. ఉదయగిరి ప్రాంతంలో కొన్ని గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు వున్నది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగరాదు. కాచినా ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. కాబట్టి ఎద్దడిలో మంచినీటి బిందె వేరు, వాడకం నీటి బిందె వేరుగా పెట్టుకోవాలి. మంచినీరు తాగడానికి, వంటకే వుంచాలి.

డిసెంబరు చివరికే చెరువు సంగతి తేలిపోతుంది. గ్రామసభ అప్పుడే కూర్చుని, తాగునీటి బోరు చుట్టుపక్కల ఏ మోటారు ఎన్ని గంటలు ఆడాలో, ఇంటికి ఎన్ని బిందెలో ఒకేరోజు తేల్చాలి. రైతూ, ఇల్లాలూ ఎదురెదురుగా కూర్చుని ఒప్పుకున్న కట్టడి అయితే వేసవి దాకా నిలుస్తుంది. మార్చిలో కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్నాక చేసే తీర్మానంతో బిందె నిండదు.