రంగస్థల గాయకుని కంఠసాధన

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల పల్లెలలో రాత్రియంతయు సాగు యక్షగానమును, పద్యనాటకమును చూచిన పెద్దలకు ఒక సంగతి తెలియును. మైకులు రాకపూర్వము పాత్రధారి గొంతు హార్మోనియమును, మద్దెలను దాటి, జనము చివర గొంగడి కప్పుకొని కూర్చున్న ముసలివానికి వినబడవలసి యుండెను. మాటయు తెలియవలెను, రాగమును తెలియవలెను. తెల్లవారువరకు గొంతు నిలువవలెను.

పాశ్చాత్య దేశములలో ఇట్టి బరువు మోయు గాయకుని ‘టెనర్’ అందురు. ఆపెరా యనగా ప్రధానముగా పాటతో నడచు నాటకము. అందలి పురుషకంఠములలో సామాన్యముగా హెచ్చు స్థాయిని పలుకు కంఠము టెనర్‌ది. నాయకపాత్ర తరచుగా అతనిదే. అతని గాత్రము సుమారు రెండు స్థాయిలు నడచును. అందు పైనున్న ‘సి’ స్వరమునకు సెకండుకు సుమారు 523 కంపనములు. ఎదుట పెద్ద వాద్యబృందము మ్రోగుచుండగా, మైకు లేకయే అతడు పాడవలెను.

ఇది ఎట్లు సాధ్యము? అరచుటవలన మాత్రము కాదు. వాద్యబృందపు నాదబలము 500 కంపనముల ప్రాంతమున హెచ్చు. అటు పైకి పోయినకొలది తగ్గును. శిక్షితుడైన గాయకుడు స్వరపేటికను క్రిందికి నిలిపి, గొంతును సడలించి, 3000 కంపనముల ప్రాంతమున తన నాదమునకు బలము కూర్చుకొనును. మన చెవి చురుకుగా గ్రహించునదియు ఆ ప్రాంతమే. వాద్యములు విడిచిన ఆ సందునుండి గొంతు వెలువడును. దీనికంతకును మూలము శ్వాస: ప్రక్కటెముకలను విప్పి పట్టి, పొట్టకండరముల అదుపుతో ఊపిరిని పొదుపుగా విడుచుట.

ఈ విద్య త్వరగా పట్టుబడదు. ఇటలీలోని మొడేనా పట్టణమున రొట్టెలు కాల్చువాని కుమారుడు లూచియానో పవరొట్టి (1935-2007). పందొమ్మిదవయేట శిక్షణ మొదలిడెను. తొలి గురువు ఆరిగో పోలా వేతనము పుచ్చుకొనకయే నేర్పెను. శిష్యుడు బడిపంతులుగాను, బీమా ఏజెంటుగాను పొట్టపోసికొనుచు సుమారు ఏడేండ్లు సాధన చేసెను. నడుమ స్వరతంత్రిపై బొడిపె లేచి, పాటయే మానుకొనదలచెను. 1961లో రెజ్జో ఎమీలియా పట్టణమున ‘లా బొహేమ్’ ఆపెరాతో నాయకపాత్ర ధరించెను. 1972లో న్యూయార్కు మెట్రపాలిటన్ రంగమున ఒకే ఘట్టములో ఆ పై ‘సి’ స్వరమును తొమ్మిదిమార్లు పలికి ప్రసిద్ధుడయ్యెను. అట్టి గాయకులు తొలుత తేలిక పాత్రలను ధరించి, వయసుతో కంఠము గట్టిపడిన పిదపనే బరువు పాత్రలకు పోవుదురు. ప్రదర్శనకును ప్రదర్శనకును నడుమ గొంతుకు విశ్రాంతి నిత్తురు.

మనకును అట్టి కంఠములు లేకపోలేదు. ఈలతో రాగములు పలికించి, ‘ఈలపాట’ తన పేరిట చేరిపోయిన కల్యాణం రఘురామయ్య (1901-1975) శ్రీకృష్ణ పాత్రలో పద్యము నెత్తుకొన్నచో సభ కదలెడిది కాదు. 1973లో సంగీత నాటక అకాడమీ ఆయనను పురస్కరించినది. నాటక గాయకులు మా స్టూడియోకు వచ్చినపుడు నేను గమనించినదొకటి కలదు. ఆనాటి అలవాటు గలవారు పద్యము నెత్తుకొనగానే తమంత తామే మైకునకు రెండడుగులు వెనుకకు జరుగుదురు. నేటి యువకులు మైకును పెదవుల చెంతకు లాగుకొందురు.

మైకు తప్పని నేననను. కాని హెచ్చు శ్రుతిపై మోజుతో, గొంతు మారుచున్న బాలునిచేత ‘వన్స్‌మోర్’ల కొరకు బిగ్గరగా పాడించుట మన పల్లెలలో నేటికిని కలదు. అట్టి గొంతు ముప్పది యేండ్లు నిండకమునుపే బొంగురు పోవచ్చును. వేకువను మంద్రస్థాయిలో సాధన చేయుమని మన పెద్దలు చెప్పుట ఇందుకే. తన గొంతునకు తగిన శ్రుతి పెట్టుకొనుట చిన్నతనము కాదు. బొంగురు మూడు వారములు విడువకున్నచో వైద్యునికి చూపవలెను.

ఈసారి మీ రేడియోలో పద్యనాటకము వచ్చినపుడు, రాగము సాగినంతసేపు పాత్రధారి ఊపిరి ఎక్కడ తీసికొనెనో గమనింపుడు. మీ కది తెలియకుండ పాడగలిగినచో, ఆ ఊపిరి వెనుక ఎన్నో యేండ్ల సాధన కలదని గ్రహింపుడు.